తాపీ ఎవరి చేతిలో?
వర్చువల్ లోకంలో సొంత ఇల్లు కట్టుకోవడం నేర్చుకున్న చరిత్ర

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్న సామెత ఎవరితో అంటున్నదో ఎప్పుడైనా ఆలోచించామా? కట్టేవాడూ చేసేవాడూ మగవాడే. ఆ పెళ్ళిలో పెళ్ళికూతురు, ఆ ఇంటికి ఇల్లాలు మాత్రం మనం. ఇంటి నిర్మాణంలో స్త్రీల శ్రమ లేకనా? ఇసుక తట్టలు మోసేదీ, ఇటుకలందించేదీ, కట్టిన గోడకి నీళ్ళు పట్టేదీ ఆడకూలీలే. మట్టిళ్ళ కాలంలో గోడలు మెత్తి, పేడతో అలికి, ముగ్గు పెట్టి, ఏడాదికేడాదీ ఇంటిని నిలబెట్టిందీ వాళ్ళే. కానీ తాపీ పట్టిన చెయ్యి మేస్త్రీది. మేస్త్రీ అనగానే మన మనసులో మెదిలేది మగమనిషే. దస్తావేజు మీద పేరు యజమానిది. ఎవరు లోపలికి రావాలో, ఎవరు రాకూడదో తేల్చేదీ అతనే.

అంటే ఇల్లు అన్న ఒక్క మాటలో మూడు అధికారాలున్నాయి. నేల, తాపీ, గడియ. నేల ఎవరి పేర వుంది, కట్టే పనితనం ఎవరికి తెలుసు, తలుపు లోపలి నుంచి ఎవరు వేసుకోగలరు. మన స్త్రీవాదం మొదటిదాని గురించీ మూడోదాని గురించీ చాలా మాట్లాడింది. వర్జీనియా వుల్ఫ్ 1929లో రాయదలచుకున్న స్త్రీకి ఏడాదికి 500 పౌండ్ల ఆదాయం, తాళం వేసుకోగల గది కావాలంది. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన హిందూ వారసత్వ చట్ట సవరణ, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కునిచ్చింది. 2005లో దేశమంతా కూతుళ్ళకి ఆ హక్కు వచ్చింది. రెండోదాని గురించి, అంటే తాపీ గురించి, మనం అంతగా మాట్లాడలేదు.

ఈ ఆలోచన నాకు ఆస్తి చట్టాలు చదువుతుంటే రాలేదు. మట్టీ సిమెంటూ లేనిచోట ఇళ్ళు కట్టుకున్న మనుషుల చరిత్ర చదువుతుంటే వచ్చింది. వేలమంది వేరువేరు వూళ్ళలో తమ కంప్యూటర్ల ముందు కూచుని, ఒకే లోకంలో ఒక్కో పాత్రగా తిరుగుతూ, మాట్లాడుకుంటూ, కట్టుకుంటూ వుండే వర్చువల్ లోకాల చరిత్ర అది. నా పిహెచ్.డి. తెలుగు స్త్రీల నవలల్లో ఇంటి చిత్రణ మీద. ఇల్లు అక్షరాల్లో ఎలా తయారవుతుందో వెతుకుతూ వెళ్ళిన నాకు, అక్షరాలతోనే ఇళ్ళు కట్టిన ఒక లోకం కనపడింది.

అక్షరాల ఇల్లు

1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే విద్యార్థులు 'మడ్' అనే లోకాన్ని తయారుచేశారు. అందులో బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. 'ఉత్తరానికి వెళ్ళు' అని టైప్ చేస్తే ఉత్తరాన వున్న చోటు వర్ణన తెరమీద కనిపిస్తుంది. వచ్చినవాళ్ళు తిరగొచ్చు, నిధులు వెతకొచ్చు, పోట్లాడుకోవచ్చు. ఇల్లు కట్టుకునే వీలు లేదు. 1986లో లూకస్‌ఫిల్మ్ వాళ్ళు కమొడోర్ 64 కంప్యూటర్ల కోసం మొదలుపెట్టిన 'హాబిటాట్'లో బొమ్మలూ వచ్చాయి, ప్రతి మనిషికీ ఒక ఇల్లూ వచ్చింది. దాన్ని తయారుచేసిన చిప్ మార్నింగ్‌స్టార్, రాండీ ఫార్మర్ ఇరవై వేలమందికి ఇరవై వేల ఇళ్ళు కావాల్సి వచ్చిందని తర్వాత రాశారు. ఆ ఇళ్ళు సిద్ధంగా ఇచ్చినవి. లోపల సామాను సర్దుకోవచ్చు. గోడ మాత్రం కదపలేరు. అత్తారింటికొచ్చిన కొత్తకోడలి అధికారం ఎంతో అంత.

అసలు మార్పు 1989లో. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఆస్ప్‌నెస్ రాసిన 'టైనీమడ్'లో, వచ్చిన ప్రతివాళ్ళూ గదులు కట్టుకోవచ్చు. జనం కట్టిందే కట్టారు. ఏడాది తిరక్కుండానే అది గదులతో కిక్కిరిసి, నడపలేక మూతపడింది. మరుసటేడు 1990లో జిరాక్స్ కంపెనీ పరిశోధనా కేంద్రంలో పావెల్ కర్టిస్ మొదలుపెట్టిన 'లాంబ్డామూ' ఈ చరిత్రలో ముఖ్యమైన మజిలీ. దాని నడిబొడ్డున ఒక పెద్ద భవంతి. కాలిఫోర్నియాలోని కర్టిస్ సొంత ఇల్లే దానికి నమూనా. కొత్తగా వచ్చినవాళ్ళు కోట్లు తగిలించే చీకటి అరలో కళ్ళు తెరుస్తారు. తలుపు తీసుకుని వస్తే అందరూ కూచునే హాలు.

ఇక్కడ ఇల్లు కట్టడం ఎలాగంటే, 'డిగ్' అనే ఆజ్ఞతో గది తవ్వుకోవాలి. అప్పుడది పేరు తప్ప ఏమీలేని శూన్యం. 'డిస్క్రైబ్' అనే ఆజ్ఞతో దాన్ని వర్ణించాలి. కిటికీ వుందని రాస్తే కిటికీ వుంది. వాన పడుతోందని రాస్తే పడుతోంది. రాయకపోతే లేదు. సాహిత్యం చదువుకున్నవాళ్ళకి ఇంతకంటే ఆకర్షణ ఏముంటుంది! ఆ తర్వాత చిన్నచిన్న ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటే కిటికీ తెరుచుకుంటుంది, పెంపుడు పిల్లి పలకరిస్తే పలుకుతుంది. 'ఇదే నా ఇల్లు' అని ఒకసారి ఆ లోకానికి చెప్పుకుంటే, ఎక్కడ తిరుగుతున్నా 'హోమ్' అని టైప్ చేసి ఇంటికి చేరిపోవచ్చు.

అయితే నేలకి కొలత వుంది. కంప్యూటర్ జ్ఞాపకంలో ఒక్కొక్కరికీ ఇంతని కోటా. అంతకంటే పెద్దది కట్టాలంటే అక్కడి నివాసులతోనే ఏర్పడిన ఒక నిర్మాణ సమీక్షా మండలికి అర్జీ పెట్టుకోవాలి. మునిసిపాలిటీ ప్లాను మంజూరు లాంటిదే అనుకోండి.

గడియకి రెండువైపులు

గది యజమానికి తలుపు తాళం వేసే ఆజ్ఞ, అక్కర్లేనివాళ్ళని బయటికి పంపే ఆజ్ఞ వున్నాయి. అప్పటికి ఆ లోకాల్లో ఆడపేరు పెట్టుకున్న పాత్ర హాలులో కాలుపెడితే చుట్టూ మూగేవాళ్ళు, వద్దన్నా సాయం చేసేవాళ్ళు, వెంటపడేవాళ్ళు. పరిశోధకురాలు ఏమీ బ్రక్‌మన్ 1993లోనే దీన్ని గమనించి రాసింది. అలాంటిచోట సొంతగది అలంకారం కాదు, ఊపిరి.

అదే 1993 మార్చిలో లాంబ్డామూ హాలులో జరిగిన దాడి గురించి జర్నలిస్టు జూలియన్ డిబెల్ ఆ ఏడాది డిసెంబరులో న్యూయార్క్ పత్రిక 'విలేజ్ వాయిస్'లో వివరంగా రాశాడు. 'మిస్టర్ బంగిల్' అనే పాత్ర, చేతబడి బొమ్మ లాంటి ఒక ప్రోగ్రాముతో ఇతరుల పాత్రలని తన అదుపులోకి తెచ్చుకుని, అందరూ చూస్తుండగా వాళ్ళమీద లైంగికహింస జరుగుతున్నట్టు, వాళ్ళే ఆ పనులు చేస్తున్నట్టు తెరమీద రాయించాడు. 'అవి వట్టి మాటలేగా' అన్నవాళ్ళకి దాడికి గురైన ఒక స్త్రీ కన్నీళ్ళే జవాబు.

ఈ వ్యాసం సైబర్ హింస మీద జరిగే చర్చల్లో ఎన్నోసార్లు ప్రస్తావనకి వచ్చింది. నన్ను మాత్రం అందులోని ఒక చిన్న వివరం పట్టుకుని వదల్లేదు. హాలు నుంచి వెళ్ళగొట్టాక బంగిల్ ఎక్కడికి పోయాడు? ఆ భవంతి ఆవరణలోనే వున్న తన సొంతగదికి. ఆ బొమ్మ దూరాన్నించి కూడా పనిచేస్తుంది గనక అక్కడ కూచుని దాడి కొనసాగించాడు. స్త్రీలకి రక్షణ అనుకున్న సొంతగదే అతనికీ రక్షణ అయింది. గృహహింస గురించి పనిచేసినవాళ్ళెవరికీ ఇది కొత్తగా అనిపించదు. మూసిన తలుపు వెనక ఎవరున్నారన్నదాన్ని బట్టి గడియ అర్థం మారిపోతుంది.

చివరికి నిర్వాహకుల్లో ఒకరు ఆ పాత్రని తొలగించారు. అంతకు కొద్దినెలల ముందే, 1992 డిసెంబరులో, సామాజిక తగవుల్లో నిర్వాహకులు ఇకమీదట తలదూర్చరని కర్టిస్ ప్రకటించి వున్నాడు. ఈ ఘటన తర్వాత నివాసులే అర్జీలు పెట్టి, ఓట్లు వేసి నిర్ణయాలు చేసే పద్ధతి వచ్చింది. గదులు కట్టుకున్నవాళ్ళు వీధి గురించి కూడా ఆలోచించాల్సి వచ్చిందన్నమాట.

పక్కన కూచుని నేర్పేవాళ్ళు

ఇంతకీ ఈ పని ఎవరు ఎలా నేర్చుకున్నారు? బ్రక్‌మన్ దీనికి కూడా సమాధానం వెతికింది. ఆమె ఎంఐటీలో పరిశోధన చేస్తూ 1990ల మధ్యలో పిల్లల కోసం 'మూస్ క్రాసింగ్' అనే లోకాన్ని తయారుచేసింది. పిల్లలు అందులో తమ గదులూ జంతువులూ తయారుచేస్తూ, ఆ దారిలోనే రాయడమూ ప్రోగ్రామింగూ నేర్చుకున్నారు. 1997లో పూర్తయిన ఆమె సిద్ధాంత గ్రంథం సారాంశం ఇది: పిల్లలు పాఠం చదివి నేర్చుకోలేదు. అవతలి పిల్ల చేసినదాన్ని తెరిచిచూసి, అడిగి, మార్చి నేర్చుకున్నారు. సాయం చేసే మనిషి, చూసి నేర్చుకోదగ్గ నమూనా, చేసింది చూపించుకోవడానికి పదిమంది. ఈ మూడూ వుంటే కష్టమైన పని కూడా పట్టుబడుతుంది. మన అమ్మమ్మలు ముగ్గులూ, అల్లికలూ నేర్చుకున్న పద్ధతి ఇదే కదా!

1995లో వచ్చిన 'ఆల్ఫావరల్డ్' అనే బొమ్మల లోకంలో ఇల్లు కట్టడం కూడా అలాంటిదే. అక్కడున్న ఒక గోడనో స్తంభాన్నో నకలు తీసి, ఖాళీనేల మీద పెట్టి, దాని పేరు మార్చితే అది ఇంకో వస్తువవుతుంది. ఎవరో కట్టినదాన్నించి మొదలవని ఇల్లు అక్కడ లేదు.

దీనికి సమాంతరంగా 2000లో 'ద సిమ్స్' ఆట వచ్చింది. దాని రూపకర్త విల్ రైట్ ఇల్లు 1991లో ఓక్‌లాండ్ కార్చిచ్చులో కాలిపోయింది. మళ్ళీ అన్నీ ఒక్కొక్కటే సమకూర్చుకుంటున్నప్పుడు, మనిషికి ఏ వస్తువు ఎందుకు కావాలన్న ప్రశ్న నుంచి ఆ ఆట పుట్టింది. మొదట దాన్ని 'బొమ్మరిల్లు' అని పిలిస్తే కంపెనీలో పెద్దగా ఉత్సాహం చూపలేదట. ఆడపిల్లల ఆటగా తీసిపారేసిన ఆ బొమ్మరిల్లే తర్వాత లక్షలమంది ఆడవాళ్ళని కంప్యూటర్ ఆటల్లోకి తెచ్చింది. అయితే అది ఒంటరి ఆట. పక్కింటి మనిషి బొమ్మేగాని మనిషి కాదు.

ఒక తలుపు కథ

2003 జూన్‌లో ప్రజలకి తెరిచిన 'సెకండ్ లైఫ్' ఈ రెండింటినీ కలిపింది. బొమ్మల ఇల్లు, నిజం పొరుగు. అందులో కట్టడానికి ముడిసరుకు 'ప్రిమ్'. పెట్టె, స్తూపం, గోళం లాంటి ప్రాథమిక ఆకారాలే ప్రిమ్‌లు. పెట్టెని సాగదీసి పలుచన చేస్తే గోడ. తొలిచితే కిటికీ. అడ్డంగా పడుకోబెడితే నేల. నిర్మాణం నేర్చుకునేవాళ్ళ కోసం 'సాండ్‌బాక్స్' అనే ఖాళీ మైదానాలుంటాయి. అక్కడ ఎవరైనా కట్టొచ్చు. కొన్నిగంటలయ్యాక కట్టింది దానంతటదే తొలగి, కట్టినవాళ్ళ సామాను సంచిలోకి చేరిపోతుంది. మా చిన్నప్పటి ఇసుక గూళ్ళలాగే.

పరిశోధన కోసమే అక్కడ చేరాను. చేరిన మొదటివారంలో నాలుగు గోడలు నిలబెట్టగలిగాను. తలుపు దగ్గర ఆగిపోయాను. సెకండ్ లైఫ్‌లో ఏ వస్తువైనా తన మధ్యబిందువు చుట్టూ తిరుగుతుంది. కాబట్టి తలుపు తెరిస్తే అది గుమ్మం మధ్యలో చక్రంలా తిరిగి సగం లోపల, సగం బయట నిలబడుతుంది. మైదానంలో అటుగా వచ్చిన ఒకావిడ చూసి ఆగింది. ఏ దేశమో చెప్పలేదు, టీచరుగా రిటైరయ్యానని మాత్రం చెప్పింది. "తలుపు రెట్టింపు వెడల్పు చెయ్యి. తర్వాత సగం కోసెయ్యి. మధ్యబిందువు ఎక్కడుందో అక్కడే వుంటుంది. నీకది అంచవుతుంది" అంది. కనపడని సగం ఆధారంగా కనపడే సగం తిరుగుతుంది. నేను చేసేదాకా అక్కడే నిలబడి, తను చేసుకున్న ఒక తలుపు నా చేతికిచ్చి వెళ్ళిపోయింది.

ఇవ్వడంలో కూడా ఒక పద్ధతి వుంది. వస్తువుని చేసినవాళ్ళు అవతలివాళ్ళకి మూడు అనుమతులు ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు: నకలు తీసుకోవడం, మార్చుకోవడం, మరొకరికి ఇవ్వడం. ఆవిడిచ్చిన తలుపుకి మూడూ వున్నాయి. విప్పి చూసి, దాన్ని తిప్పే నాలుగు వరుసల ప్రోగ్రాము చదివి, నా కిటికీలకి వాడుకున్నాను. ఆ తర్వాత మైదానంలో నాలాగే ఆగిపోయిన మరో ఇద్దరికి ఆ తలుపు ఇచ్చాను.

నా ఇంటికి వసారా కట్టాను, వసారాకి అరుగులు కట్టాను. వంటగది కట్టాలా వద్దా అని మాత్రం చాలారోజులు తేల్చుకోలేకపోయాను. అక్కడ ఆకలి లేదు, ఎండావానా లేవు. అయినా అందరూ పైకప్పు వేస్తారు, వంటగదీ స్నానాలగదీ కడతారు. పనిలేని వంటగది అంటే ఏమిటి? కొందరికి అది అలవాటు. కొందరికి, బహుశా, వండాల్సిన అవసరం లేకుండా వంటగదిలో కూచుని కబుర్లు చెప్పుకోగలగడం. నేను చివరికి పొయ్యి లేకుండా ఒక కిటికీ, ఒక బల్ల పెట్టి, ఆ గదికి ఏ పేరూ పెట్టలేదు.

నేల ఎవరిది?

సాండ్‌బాక్సులో ఎంతసేపని కడతాం? నిలవాలంటే నేల కావాలి. 2003 నవంబరులో, నివాసులు చేసినవాటిమీద మేధోహక్కులు వాళ్ళవేనని సెకండ్ లైఫ్ నడిపే లిండెన్ ల్యాబ్ ప్రకటించింది. వెంటనే నేల అమ్మకాలు మొదలయ్యాయి. అక్కడ ఒక ప్రాంతం 256 మీటర్ల పొడవు, 256 మీటర్ల వెడల్పు. చిన్నకమతం 512 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 612 గజాలు. అంత నేలమీద అప్పట్లో 117 ప్రిమ్‌లే పెట్టనిచ్చేవాళ్ళు. మెట్లకెన్ని, కిటికీలకెన్ని అని లెక్కేసుకుంటూ కట్టాలి. చిన్నకమతంలో ఇల్లు కట్టుకునే ఎవరికైనా తెలిసిన లెక్కే.

ఆ నేలతో పెద్దయెత్తున వ్యాపారం చేసినది ఒక స్త్రీ. చైనాలో పుట్టి జర్మనీలో స్థిరపడ్డ ఐలీన్ గ్రాఫ్, 'యాన్షి చుంగ్' అన్న పాత్రపేరుతో నేల కొని, తీర్చిదిద్ది, ముక్కలుగా అమ్మీ అద్దెకిచ్చీ 2006 మేలో 'బిజినెస్‌వీక్' ముఖచిత్రానికెక్కింది. తన ఆస్తి పదిలక్షల డాలర్లు దాటిందని అదే ఏడాది నవంబరులో ప్రకటించింది. డిసెంబరులో ఒక వార్తాసంస్థకి సెకండ్ లైఫ్ లోపలే ఇంటర్వ్యూ ఇస్తుండగా కొందరు ఆమె మీద పురుషాంగాల బొమ్మలు కుప్పలుగా విసిరారు. నేలంతా తనదైనా వేదికెక్కిన స్త్రీకి తప్పనిది తప్పలేదు. లాంబ్డామూ హాలు నుంచి పదమూడేళ్ళలో మనం ఎంతదూరం వచ్చినట్టు?

ఇంకో ప్రశ్న, ఆ నేల నిజంగా కొన్నవాళ్ళదేనా? 2006లో పెన్సిల్వేనియాకి చెందిన ఒక న్యాయవాది నేల కొన్న పద్ధతి అక్రమమంటూ కంపెనీ అతని ఖాతా మూసి ఆస్తి స్వాధీనం చేసుకుంది. అతను కోర్టుకెళ్ళాడు. 2007లో కోర్టు, వివాదాన్ని బయట మధ్యవర్తుల దగ్గరే తేల్చుకోవాలన్న కంపెనీ షరతు న్యాయం కాదంది. నేల ఎవరిదన్నది తేలకుండానే కేసు రాజీ అయింది. 2010లో కంపెనీ నిబంధనల్లో స్పష్టంగా రాసింది: వర్చువల్ నేల అంటే వాడుకునే లైసెన్సు మాత్రమే. 'కొన్నాను' అనుకున్నవాళ్ళంతా ఒక్కపూటలో వుండనిస్తే వుండేవాళ్ళయ్యారు.

ఈ వాక్యం చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. తన నగలు అమ్మిన డబ్బు పునాదుల్లో పోసి, ముప్ఫయ్యేళ్ళు 'మా ఇల్లు' అని చెప్పుకున్న ఇంటి కాగితాల్లో ఎక్కడా ఆమె పేరు లేదు. నా చదువుకి బ్యాంకు అప్పు తీసుకోవాల్సి వచ్చిన రోజున ఆమెకి ఆ సంగతి తెలిసింది. వుండనిస్తే వుండడం అన్నది కంప్యూటర్ కంపెనీలు కనిపెట్టింది కాదు.

సర్దుకోవడం, కట్టుకోవడం

2010లోనే సభ్యత్వ రుసుము కట్టేవాళ్ళకి సిద్ధంగా కట్టిన ఇళ్ళివ్వడం మొదలైంది. లోపల సామాను సర్దుకోవచ్చు, గోడ కదపకూడదు. చక్రం తిరిగి 1986 హాబిటాట్ దగ్గరికే వచ్చినట్టయింది. 2011లో 'మెష్' వచ్చాక మరింత అందమైన ఇళ్ళు సాధ్యమయ్యాయి గానీ, వాటిని తయారుచెయ్యాలంటే బయటి సాఫ్ట్‌వేర్లు విడిగా నేర్చుకోవాలి. మైదానంలో నిలబడి పక్కమనిషికి చూపిస్తూ కట్టే పద్ధతి వెనకబడింది. కట్టేవాళ్ళు తక్కువై, కొనేవాళ్ళు ఎక్కువయ్యారు. తీరిక లేనివాళ్ళకి సిద్ధమైన ఇల్లు సుఖమే. నేనూ కాదనను. కానీ సర్దుకోవడం అన్న మాటకి మన భాషలో రెండర్థాలున్నాయని స్త్రీలకి వేరే చెప్పాలా?

ఈ చరిత్ర పొడవునా నేల పోతూనే వుంది. టైనీమడ్ 1990లో పోయింది. సిమ్స్ ఆన్‌లైన్ లోకం 2008లో మూతపడింది. సర్వర్ ఆపితే పట్టా లేదు, పునాది లేదు. గడియ కూడా నమ్మదగ్గది కాదు. నిబంధన మారితే తాళం మారుతుంది, బంగిల్ లాంటివాడి చేతిలో అది ఆయుధమవుతుంది. మూడింటిలో ఎవరూ వెనక్కి తీసుకోలేకపోయింది తాపీ ఒక్కటే. ఒక లోకం మూతపడితే అక్కడ కట్టడం నేర్చినవాళ్ళు మరో లోకంలో మళ్ళీ మొదటి గోడ లేపారు. పక్కవాళ్ళకి చూపించారు.

నేలా గడియా వదులుకోమని నేననడం లేదు. వాటికోసం కోర్టుల్లోనూ కుటుంబాల్లోనూ పోరాటం సాగాల్సిందే. కానీ ఇన్నేళ్ళూ మన కోరికల జాబితాలో తాపీకి చోటు లేకపోవడం గురించి ఆలోచించాలి. తట్టలు మోసే కూలీ మేస్త్రీ ఎందుకు కాలేకపోతోంది? ఇంటి ప్లాను గీసేటప్పుడు, ఆ ఇంట్లో రోజంతా గడిపే మనిషిని ఎవరు అడుగుతున్నారు? మన పిల్లలకి ఇల్లు సర్దడం నేర్పుతున్నామా, కట్టడం నేర్పుతున్నామా? కట్టడం వచ్చిన స్త్రీకి గోడ అంటే దేవుడిచ్చింది కాదని తెలుస్తుంది. ఎవరో ఎక్కడో కొలిచి పెట్టినదనీ, కొలత మార్చొచ్చనీ తెలుస్తుంది. అది తెలిశాక ఆమె ఎవరి ఇంట్లోనైనా పాతరోజుల్లోలా సర్దుకుపోవడం కష్టం.